పూల ముక్కలు, నాలుగు పుల్లలు

రువైస్, 12-2-1981

భాగోతంలో పాచికల మామ వేషం కట్టి ఊరందరి చేత తిట్లు తినే మా బావ భోజన్నకు, ఇనుప పైపులు మోస్తూ ముదీర్ చేత, అంటే మా మేనేజరు చేత, తిట్లు తినే బామ్మర్ది హన్మంతు దండాలు.

మొదటి కాగితం అక్కకు చదివి వినిపించు. నా దగ్గు తగ్గిందనీ, వేళకు తింటున్నాననీ అందులో ఉంది. ఈ రెండో కాగితం మాత్రం నీ ఒక్కడికే. ఆట అన్న మాట చెవిన పడితే చాలు, అక్క చేతిలోని చెంబు ఎగిరి వస్తుందని నీకు నాకంటే బాగా తెలుసు. విమానం ఎక్కే ముందు ఆమె నా చేత దీపం ముట్టించి మరీ ఒట్టు వేయించుకుంది, పేకముక్క చేతపట్టనని. ఒట్టు ఒట్టుగానే ఉంది. చూడొద్దని మాత్రం అనలేదు కదా.

నన్ను ఇప్పుడు కొరియా వాళ్ల గ్యాంగులో వేశారు. వాళ్లలో సగం మంది పాక్‌లు, సగం మంది కిమ్‌లు. మన ఊళ్లో రాజన్నా అని పిలిస్తే పదిమంది తిరిగి చూసినట్టు ఇక్కడ పాక్ అంటే సగం గ్యాంగు తిరుగుతుంది. మా వడ్రంగి మేస్త్రీని పెద్ద పాక్ అంటాం. యాభై దాటిన మనిషి. ఆయన మాటల్లో మూడు వంతులు చేతులు, ఒక వంతు హిందీ. అయినా నాకు ముదీర్ ఇంగ్లీషు కంటే అదే బాగా అర్థమవుతుంది.

పని ఖలాస్ కాగానే వాళ్లు నేల మీద కంబళి పరిచి కూర్చుంటారు. వాళ్ల పేకముక్కలు అగ్గిపెట్టె కంటే చిన్నవి, మందంగా, వెనక ఎర్రగా ఉంటాయి. రాజు లేడు, రాణి లేదు. అన్నీ పువ్వులే. నెలకో పువ్వు, లేదా చెట్టు. ఒక ముక్క మీద గొడుగు పట్టుకున్న మనిషి, మీద వాన చినుకులు. ఈ అరబ్బు ఎడారిలో మేము వానను చూసేది ఆ ముక్క మీదే. ముక్కను కంబళి మీద ఫట్టుమని కొడతారు బావా, మీ దర్జీ దుకాణంలో గుడ్డ చింపినంత చప్పుడు. పైసలు పెట్టి ఆడితే కంపెనీ ఊరుకోదు కాబట్టి ఓడినవాడి నుదుటి మీద వేలితో ఒక టింగు కొడతారు. పక్కన కూర్చుని నవ్వినందుకు నాకూ ఒకటి తగిలింది, బొప్పి కట్టింది. మొన్న వాళ్ల కొత్త సంవత్సరానికి చాప మీద నాలుగు పుల్లలు విసిరి ఇంకో జూదం ఆడారు. వీళ్లకు జూదాలకేం కొదవ లేదు.

అసలు సంగతి ఇది. వాళ్ల దేశం నుంచి వీడియో క్యాసెట్లు వచ్చాయి. పాత రాజుల కాలపు కథ. పెద్ద టోపీలు, తెల్లబట్టలు. మాట ఒక్కటీ తెలియకపోయినా మేమూ కూర్చుని చూస్తున్నాం. అందులో ఒకడు కల్లుకొట్టు లాంటి చోట ముక్కలాడి అన్నీ ఓడి, చివరికి పెండ్లాన్ని పందెం పెట్టాడు. ఎలా తెలిసిందంటావా? చేతి కడియం తీసి పెట్టాడు, ఓడాడు. తర్వాత ఇంటి వైపు వేలు చూపించి తల దించుకున్నాడు. దానికి భాష ఎందుకు? అక్కడికి క్యాసెట్ అయిపోయింది.

నాకు మా నాయన గుర్తొచ్చాడు. అందుకే అక్కకు చదవొద్దన్నాను.

నీ బొప్పి బామ్మర్ది,
హన్మంతు

*

చింతలపేట, 3-3-1981

బొప్పి కట్టిన తెలివికి, అంటే మా బామ్మర్దికి, భోజన్న దీవెనలు.

రెండు కాగితాలు పంపి ఒకటే చదవమన్నావు. మీ అక్కకు చదువు రాదు కానీ లెక్క రాదని ఎవరు చెప్పారు? పోస్టుమ్యాన్ ఇమామ్ హుస్సేన్ చేతిలో కవరు బరువు చూసే ఆమె అంది, "ఈసారి మా తమ్ముడు మస్తు రాసిండు" అని. నేను ఒక కాగితం చదివి మడిచేసరికి, "రెండోది గుడ్డ కత్తిరించేటందుకా?" అని అడిగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని మొత్తం చదివాను. చెంబు ఎగరలేదు. దానికే నాకు భయం వేసింది.

మొదట బొప్పి దగ్గర ఆగింది. "ఆడనోనికి బొప్పెందుకు గడ్తది? వాడు ఒట్టు దప్పిండు" అంది. నేను ఎంత చెప్పినా వినలేదు. నువ్వే చెప్పుకో. తర్వాత చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ మీదట తల ఎత్తకుండా అడిగింది, "గామె ఏమన్నది?"

ఎవరు అన్నాను.

"పందెం బెట్టిండు గద, ఆ ఆడామె. ఏమన్నది?"

హన్మంతూ, మా పెళ్లినాటికి నువ్వు లాగు తొడుక్కోవడం కూడా రాని పిల్లవాడివి. విన్నావు తప్ప చూడలేదు. దీపావళి మరునాడు మీ నాయన, మా నాయన మూడుముక్కలాట ఆడారు. పందెం పెట్టడానికి ఏమీ మిగలక మీ నాయన "నా బిడ్డను నీ కొడుక్కిస్త" అని ముక్కలు పరిచాడు. ఓడాడు. ఆ మాఘంలోనే పెళ్లయింది. పెళ్లి జరిగిందంటే జరిగింది, అంతే. గడప దగ్గర మా చెల్లె అడ్డం నిలబడి "మొగని పేరు జెప్తేనే లోపటికి" అంది. ఎంత బతిమాలినా మీ అక్క పెదవి విప్పలేదు. పొద్దు పోతోందని ఎవరో వెనక నుంచి లోపలికి నెట్టారు. మా అమ్మ బతికినన్నాళ్లూ ఆమెను "ముక్కలల్ల వచ్చిన కోడలు" అనే అంది. నేను ఆ ఆట ఆడలేదు, గెలవలేదు, గెలవాలని కోరుకోలేదు. అయినా భాగోతంలో ఆ వేషం నాకే పడింది, ఇంట్లోనూ అదే పడింది.

ఇరవై రెండేళ్లలో ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. నువ్వు ఎత్తావు. ఇప్పుడు ఆమె అడిగినదానికి జవాబు తెచ్చే పూచీ నీదే.

ఇంకొకటి, ఇది నా వేషం కోసం. వాళ్ల జూదగాడు గెలిచినప్పుడు నవ్వుతాడా? నేను ప్రతిసారీ నవ్వుతాను. వెనక వరుసల వాళ్లకు వినపడాలి కదా. పాచికలు కూడా ఇటుకలంత చేయించాం. ఏ రాజు అంత పాచికలు ఆడాడో దేవుడికే తెలియాలి.

ఇట్లు,
పాచికల మామ

*

రువైస్, 25-3-1981

ఉత్తరం దాచడం చేతకాని మా బావకు,

ముందు అక్కకు చెప్పు. ఆడలేదు, ఆడను. బొప్పి నవ్వినందుకు వచ్చింది. ఇక్కడ నవ్వితే కూడా దెబ్బలు పడతాయని చెబితే ఆమె నమ్ముతుంది.

రెండో క్యాసెట్ వచ్చింది. నీ ప్రశ్నకు జవాబు: నవ్వడు. వాళ్ల జూదగాడు గెలిచాక పుల్లతో పళ్లు కుట్టుకుంటాడు. ఎదుటివాడు పెండ్లాన్ని ఓడి ఏడుస్తుంటే వీడు పంటిలోని మెతుకు వెతుక్కుంటాడు.

పెద్ద పాక్‌కు మాత్రం ఆ కథంటే మహా చిరాకు. మెస్‌లో టీవీ మీదికి చెప్పు విసిరాడు. ఎందుకంటే వాళ్లు ఆడేది పూల ముక్కలు. అవి సముద్రం అవతలి నుంచి తర్వాత ఎప్పుడో వచ్చాయట. ఆ రాజుల కాలంలో ఉన్నవి వేరే ముక్కలు. నేను వదలకుండా అడిగితే సిమెంటు సంచి కాగితాన్ని వేలి వెడల్పు, జానెడు పొడుగు పట్టీలుగా కోసి చూపించాడు. అసలువైతే నూనె పట్టించిన కాగితం అట. ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో గజిబిజి గీతలు గీశాడు, అవే అంకెలు. అన్నీ చేతిలో విసనకర్రలా పరుచుకుని ఒక్కొక్కటే కొంచెం కొంచెం పైకి లాగి చూసుకోవాలి. మన వాళ్లు ఇస్పేటు ఆసు వచ్చిందా లేదా అని ముక్క మూల నలిపి చూసినట్టే. "ముక్కలే తెల్వనోళ్లు కథ ఏం జెప్తరు" అని ఆయన భావం. చేతులతోనే చెప్పాడు కానీ తిట్టు తిట్టులాగే వినిపించింది.

అక్క అడిగిన సంగతి. ఈ క్యాసెట్‌లో ఆమె వచ్చింది. తెల్లచీర లాంటిది కట్టుకుని, జుట్టు విరబోసుకుని, నేల మీద కొట్టుకుంటూ చాలాసేపు మాట్లాడింది. మెస్‌లో అందరూ గిన్నెలు కింద పెట్టారు. ఏదో పెద్ద మాటే అని ఉంటుంది. ఏమందో పెద్ద పాక్‌ను అడుగుదామంటే చెప్పు విసిరిన కోపంలో లేచి వెళ్లిపోయాడు. మరునాడు ఆయన్ను జెట్టీ పనికి పంపారు. పదిహేను రోజుల దాకా రాడు. మిగతా కొరియా వాళ్లను అడిగితే కళ్లు తుడుచుకుని చూపిస్తారు. ఏడ్చిందని నాకూ తెలుసు కదా.

కొంచెం ఓపిక పట్టమని చెప్పు.

హన్మంతు

*

చింతలపేట, 14-4-1981

హన్మంతూ,

తప్పు చేశాను. తిట్టే ముందు పూర్తిగా చదువు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మీ అక్క చేతిపని వదిలి వచ్చి కూర్చుంది. "చాలాసేపు మాట్లాడింది" అన్న చోట ఆమె ముందుకు వంగింది. అక్కడ ఏముంది? ఏమీ లేదు, నీ పెద్ద పాక్ జెట్టీకి పోయాడు. ఆ కళ్లు చూసి నాకు చేతకాలేదు. అక్కడ రాయనిది చదివాను. "నా రాత ఇది, అయినా ఈ ఇంటాయన మంచివాడు, నాకు ఏ లోటూ లేదు అని ఆమె చెప్పింది" అని చదివాను. మధ్యలో ఒక దగ్గు కూడా దగ్గాను, చదువుతున్నట్టు ఉండాలని.

మీ అక్క నా వైపు చూసి, "ఇది నా తమ్ముని మాట గాదు. నీ మాట" అంది. కోపంగా కూడా అనలేదు. లేచి కాగితం ఇమ్మంది. ఇచ్చాను. దాన్ని కొంగున ముడేసుకుని ఇమామ్ హుస్సేన్ ఇంటికి పోయింది. ఇకమీదట నీ ఉత్తరాలు ఆయనే చదవాలట. ఆమె కూడా నీకు ఒకటి రాయిస్తోంది. అందులో ఏముందో నాకు తెలియదు. సొంత ఇంట్లో నేను కవరు అంటించే జిగురు అయ్యాను.

పళ్లు కుట్టుకునే సంగతి మొన్న భాగోతంలో చేసి చూశాను. నవ్వలేదు. ఊరికే పుల్ల నోట్లో పెట్టుకుని కూర్చున్నాను. జనం గప్‌చుప్‌గా అయిపోయారు. ఎప్పుడూ ఆట చూడని మీ అక్క ఆ రోజు చివర్లో వచ్చి నిలబడింది. నేను వేషంలో ఉండగా ఆమె నన్ను చూసిన చూపు నాకు నచ్చలేదు.

నాకు ఒక్కటే తెలియాలి బామ్మర్దీ. ఈ ఇంట్లో ఆమె ఉందా, మీ నాయన వదిలేసిన చోట అలాగే పడి ఉందా? ఆ కొరియా ఆమె మాట దొరికితే నాకూ కొంత తెలుస్తుందేమో అనిపిస్తోంది. పిచ్చి అనుకో.

భోజన్న

*

చింతలపేట, 16-4-1981

తమ్మీ హన్మంతూ, మీ అక్క గౌరవ్వ చెప్తాంటె పోస్టుమ్యాన్ ఇమామ్ హుస్సేన్ రాస్తున్నడు. నేను ఏది చెప్తే అదే రాయిమన్న. తన తెలివి కలపొద్దన్న.

నువ్వు ఆడలేదన్నవు, నమ్మిన. మీ బావ పుల్ల నోట్లె పెట్టుకొని కూసున్నడు సూడు, మా మామ గూడ ఆ దినం గట్లనే కూసున్నడు. నేను నీళ్ల చెంబు పట్టుకొని దర్వాజ కాడ నిలవడ్డ. నాయిన నా దిక్కు వేలు సూపిండు. నేను పదహారేండ్ల పిల్లను. నాకు నోరు రాలే. చెంబు చేతుల్నే ఉండె. ఇసిరికొడ్తె అయిపోతుండె.

భాగోతంల రాణి అడుగుతది. మొగోళ్లందరు తలకాయ దించుకుంటరు. ఆమె రాణి, అడిగింది. నా అసొంటిది ఏమంటది? మీ కొరియా కథల ఆమె రాణి గాదు, ఉత్త ఇంటామె. అందుకే అడుగుతున్న. ఏడ్సిందని రాయకు. ఏడుసుడు నాకు ఎర్కే. ఏమన్నదో రాయి.

మీ బావ దొంగ సదువు సదివిండు. మంచోడే. గని నేను ఆయనను సూస్తె ఆయన వెనక ఎప్పుడు ముక్కలు కనిపిస్తయి. ఇది ఆయనకు చెప్పకు.

ఇమామ్ హుస్సేన్ ముక్కు చీదుతున్నడు. కాగితం తడిసింది, ఏమనుకోకు.

*

రువైస్, 10-5-1981

అక్కకు, పక్కన ఉంటే బావకు కూడా.

ఇమామ్ హుస్సేన్ అన్నా, నీకు దండం. ఇది మొత్తం గట్టిగా చదువు. బావ తలుపు వెనక ఉన్నా పరవాలేదు, పిలువు.

అక్కా, నేను పొరపాటు రాశాను. ఆ జుట్టు విరబోసుకున్నామె ఓడిన జూదగాడి పెండ్లాం కాదు. వాడి తల్లి. వాళ్ల ఆడవాళ్లలో ఎవరు పడుచో ఎవరు పెద్దో నాకు తెలిసి చావదు, అందరూ పౌడరు రాసుకుని ఉంటారు. అసలామె చివరి క్యాసెట్‌లో వచ్చింది. ఒక్క మాట అనలేదు. చెప్పులు విప్పి ఒడ్డున పెట్టి నదిలో దూకింది. కథ ఖలాస్. నీకు ఏమని రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముట్టలేదు.

పెద్ద పాక్ జెట్టీ నుంచి వచ్చాక నీ ప్రశ్న ఆయన ముందు పెట్టాను. మా అక్క అడుగుతోంది, మా అక్కను కూడా ఇలాగే పెట్టారు అని చెప్పాను. ఆయన చేతిలోని సుత్తి కింద పెట్టాడు. తర్వాత అన్న మాటలు నా తెలుగులో రాస్తున్నాను.

"నాటకాల వాళ్లు ఎప్పుడూ ఆమెను నదిలోకి తోస్తారు. వాళ్లకు తేలిక. ముక్కలు తప్పు చూపించారు, ఆమెనూ తప్పు చూపించారు. మా నాయనమ్మను వాళ్ల నాన్న నూనె కాగితం ముక్కల్లో ఓడిపోయాడు. ఆమె దూకలేదు. గెలిచినవాళ్ల ఇంటికి వచ్చి గడప బయటే కూర్చుంది. మా తాతతో ఇలా అంది: నన్ను పందెం పెట్టిన ఆటలో నేను లేను. ఇప్పుడు నేను ఆడతాను. నా పందెం నేనే పెట్టుకుంటాను. ముక్కలు మగవాళ్లవి, నాకు తెలియవు. నాకు తెలిసిన ఆట ఆడదాం, పుల్లలు తీసుకురండి."

అక్కా, ఆ పుల్లలు నేను జూదం అని రాశానే, అది జూదం కాదట. పండగనాడు ఇంటిల్లిపాదీ ఆడే ఆట. అవ్వలు, కోడళ్లు, అందరూ. నాలుగు పుల్లలు. ఒక పక్క చదును, ఒక పక్క గుండ్రం. విసిరితే ఎన్ని చదునుగా పడ్డాయో అన్ని గళ్లు. నాలుగూ ఒకే తీరుగా పడితే ఇంకోసారి విసరొచ్చు. ఎదుటివాడి కాయను కొడితే ఇంకోసారి. ఆయన చెబుతుంటే నేను మధ్యలోనే లేచి నిలబడ్డాను. ఇది మన అష్టాచెమ్మా కదా అక్కా. గవ్వలకు బదులు పుల్లలు, అంతే. నేను చిన్నప్పుడు ఏడిస్తే ఊరుకోబెట్టడానికి నాతో ఆడి నన్నే ఓడించేదానివట, అమ్మ చెప్పేది. పెళ్లయ్యాక నువ్వు గవ్వలు ముట్టలేదు.

మరి నాయనమ్మ గెలిచిందా అని అడిగాను. గెలిచింది అన్నాడు. తర్వాత ఏం చేసింది అని అడిగేసరికి సైరన్ మోగింది, ఫోర్‌మన్ యల్లా యల్లా, పదండి పదండి అంటూ వచ్చాడు. పెద్ద పాక్‌ను మళ్లీ జెట్టీకి తీసుకుపోయారు. తర్వాతి సంగతి దొరకగానే రాస్తాను.

పోయే ముందు ఆయన షట్టరింగ్ చెక్క ముక్కతో నాలుగు పుల్లలు చెక్కి ఇచ్చాడు. "ఇవి నీ అక్కకు" అన్నాడు. మన గూడెం పర్శరాములు జూలైలో సెలవు మీద వస్తున్నాడు, వాడి చేత పంపుతున్నాను.

నీ తమ్ముడు,
హన్మంతు

*

చింతలపేట, 20-7-1981

హన్మంతూ,

పలకరింపు రాసే ఓపిక లేదు.

పర్శరాములు మొన్న శుక్రవారం పుల్లలు తెచ్చి ఇచ్చాడు. మీ అక్క వాటిని చాలాసేపు అరచేతిలో పొర్లించింది. నా దుకాణం నుంచి గుడ్డ మీద గీసే సుద్ద తీసుకుని వాకిట్లో గళ్లు గీసింది. నా గుండీలు నాలుగు ఆమెకు, చింతగింజలు నాలుగు నాకు. కూర్చోమంది. కూర్చున్నాను.

"నేను గెలిస్తె నన్ను నేను గెలిసినట్టు. నువ్వు గెలిస్తె ఆ ముచ్చట మల్ల ఎన్నడు ఎత్తను" అంది.

కావాలని ఓడిపోదామని ఒక్క నిమిషం అనుకున్నాను. అలా చేస్తే దొంగ చదువు పట్టినట్టే పట్టేస్తుంది. అందుకే నిజంగా ఆడాను. నేను వేషంలో వేసే పాచికలు ఎప్పుడూ చెప్పినట్టే పడతాయి, ఎటు పడినా పాడేది ఆ పద్యమే కాబట్టి. ఇవి చెప్పినట్టు పడవు. మొదట నేనే ముందున్నాను. ఎదుటి కాయను ఒక్కటైనా కొట్టనిదే లోపలి గళ్లలోకి పోరాదు కదా, ఆమె అక్కడే ఆగి చూస్తూ ఉంది. నాలుగూ బోర్లా పడ్డాయి, అష్టా. మళ్లీ అష్టా. నా కాయ పోయింది. ఆ తర్వాత నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఆమె చివరి గుండీ పండినప్పుడు వాకిట్లో ఇద్దరమే ఉన్నాం. ఆమె మొహం ఎర్రబడింది, నవ్వుతోంది. ఆ నవ్వు నేను ఎరగను హన్మంతూ. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాను, ఎరగను.

మరునాడు పొద్దున సద్ది కట్టుకుని ధర్మపురి బస్సు ఎక్కింది. నాతో చెప్పలేదు. కండక్టరు చెప్పాడు. ధర్మపురిలో ఏముంది? గోదావరి ఉంది. ఈ వానలకు ఒడ్డుల మీదికి వచ్చింది. నువ్వు రాసిన ఆ చెప్పులు, ఆ ఒడ్డు నా కళ్ల ముందే ఉన్నాయి. నేనూ పోయాను. రేవంతా వెతికాను. ఒడ్డున ఎవరి చెప్పులు కనిపించినా ఆమెవేనా అని వంగి చూశాను. మీ అక్క జాడ లేదు. మీ ఇంటికీ రాలేదని మీ ఆవిడ ఐలవ్వ కబురు పంపింది.

నీ కొరియా ముసలాయన నాయనమ్మ గెలిచాక ఏం చేసింది? అది రాయకుండా పుల్లలు ఎందుకు పంపావు? సగం కథ మందులో సగం మోతాదు లాంటిది. నేను నిన్ను తిట్టడం లేదు. తిడుతున్నానేమో. నాకు తెలియడం లేదు.

భోజన్న

*

రువైస్, 3-8-1981

బావా,

నీ ఉత్తరం ఇవాళ చేతికి వచ్చింది. అక్క వచ్చిందా? ఈ కాగితం నీకు చేరేలోపు వచ్చి ఉండాలని ఇక్కడ అందరూ మొక్కుతున్నారు. మా గదిలోని దేవదానం చర్చి పాట పాడుతున్నాడు, సనావుల్లా నమాజులో అడుగుతానన్నాడు. తప్పంతా నాది. వినోదంగా చూసినదాన్ని వినోదంగా రాసి పంపాను. అక్కడ అది ఇంట్లో పడుతుందని ఆలోచించలేదు.

పని ఎగ్గొట్టి నీళ్ల ట్యాంకర్ ఎక్కి జెట్టీకి పోయాను. ముదీర్ ఒక దినం జీతం కోస్తానన్నాడు, కోసుకోమన్నాను. పెద్ద పాక్ ఇనుప చువ్వల మీద కూర్చుని అన్నం తింటున్నాడు. మా అక్క గెలిచింది, మరునాడు నది దిక్కు పోయింది అని చెప్పాను. ఆయన ముద్ద కింద పెట్టలేదు.

"గెలిచినవాళ్లు దూకరు" అన్నాడు.

మరి నీ నాయనమ్మ ఏం చేసింది అని అడిగాను. పుల్లలు గడప మీద పెట్టి వాళ్ల ఊరికి పోయిందట. బార్లీ కోతల దాకా ఉందట. ఎవరూ పిలవలేదు, ఎవరూ వెతకలేదు. కోతలయ్యాక తానే నడిచి వచ్చిందట. "పంపించినప్పుడు వచ్చినది వచ్చినట్టు కాదు, ఇప్పుడు వచ్చాను" అన్నదట. రాకపోతే నేనెక్కడి నుంచి వచ్చాను అని తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని నవ్వాడు.

బావా, ఈ మాట ముందే నీకు పంపి ఉంటే ఎంత బాగుండేది. రెండు ముక్కలు వెంటనే రాయి.

హన్మంతు

*

చింతలపేట, 19-8-1981

బామ్మర్దీ,

అక్క వచ్చిందని నెల కిందటే ఒక కార్డు వేశాను. మన రాతలు ఒకదాన్నొకటి దారిలో దాటుకుని పోయినట్టున్నాయి. నిన్న నీ కాగితం వచ్చింది. ఇప్పుడు తీరిగ్గా రాస్తాను.

నీకు ఆ ఉత్తరం రాసిన రెండో రోజు. నేను దుకాణంలో ఎవరిదో అంగీ భుజం తిరగేసి కుడుతున్నాను. అప్పటికి అన్నీ తిరగేసే కుడుతున్నాను. ఇమామ్ హుస్సేన్ సైకిలు దిగకుండానే "భోజన్నా, ఇంటికి నడువు" అన్నాడు. పరుగెత్తాను.

మీ అక్క గడప బయట నిలబడి ఉంది. తల వానకు తడిసి ఉంది. చేతిలో చిన్న ఇత్తడి చెంబు, అందులో గోదావరి నీళ్లు. నేను రేవులో వెతికిన రోజున ఆమె గుడి వెనక సత్రంలో అన్నం తిని పడుకుందట. గోదావరి చూడాలని పుట్టినప్పటి నుంచి ఉందట, ఎవరూ తీసుకుపోలేదట. "తడిసిన బట్టలు ఆరేదాక ఉన్న. ఒక్కదాన్నే ఉంటె ఎట్లుంటదో సూసిన" అంది. ఇన్నాళ్లు నేను ఎందుకు తీసుకుపోలేదని నన్ను నేను తిట్టుకున్నాను.

లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"ఎవలన్న అడ్డం నిలవాలె గద" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత మా పెళ్లినాటి గడప గుర్తొచ్చింది. మా చెల్లె కాపురం కోరుట్లలో. మా అమ్మ లేదు. ఇంట్లో ఆడబిడ్డ వరస ఎవరూ లేరు. అన్ని వేషాలూ కట్టినవాణ్ణి, ఇదొక్కటి మిగలడం ఎందుకని నేనే లోపలికి పోయి, తువ్వాలు నెత్తిన కొంగులా వేసుకుని, రెండు చేతులూ చాచి దర్వాజాకు అడ్డం నిలబడ్డాను. ఇమామ్ హుస్సేన్ నవ్వు ఆపుకోలేక సైకిలు పట్టుకుని వంగిపోయాడు. నేను మాత్రం మా చెల్లె అన్నట్టే అన్నాను, "మొగని పేరు జెప్తేనే లోపటికి."

మీ అక్క చెంబు రెండు చేతులా పట్టుకుంది. నా వెనక ఏదో చూస్తున్నట్టు కాసేపు చూసింది. తర్వాత నన్నే చూసింది.

"భోజన్న" అంది. "భోజన్న ఇంటికి గౌరవ్వ వచ్చింది. తొవ్వ ఇడువు."

తర్వాత నేను ఆమె పేరు చెప్పాలి కదా, అది కూడా లెక్కే. ఊళ్లన్నీ వినేలా పద్యం పాడేవాణ్ణి, గొంతు రాలేదు. ఆమె నవ్వి నా చేతి కింద నుంచి వంగి లోపలికి పోయింది, కుడికాలు పెట్టి. చెంబు దేవుడి గూట్లో పెట్టి వంట చేసుకుందామంది. అప్పుడు పొయ్యి ముందు కూర్చుని చెప్పాను, గౌరవ్వ అని.

నీ ఉత్తరం నిన్న ఇమామ్ హుస్సేన్ చదివాడు. పెద్ద పాక్ నాయనమ్మ తనే నడిచి వచ్చిందన్న చోట మీ అక్క పుల్లలు చేతిలోకి తీసుకుని, "సూసినవా, నాకు ఎవలు చెప్పలే" అంది. ఆయనకు నా తరఫున దండం పెట్టు. పాచికల మామ వేషం ఈ ఏడు వేరేవాడికి ఇచ్చేశాను. పళ్లు కుట్టుకునే పుల్ల కూడా.

రోజూ సాయంత్రం వాకిట్లో ఆడుతున్నాం. రోజూ ఓడిపోతున్నాను. ఓడిన ప్రతిసారీ నా నుదుటి మీద వేలితో ఒక టింగు. నువ్వు రాసిందే నేర్చుకుంది. బొప్పి కట్టింది.

ఇప్పుడు ఇంట్లో ఏది కావాలన్నా పేరు పెట్టే పిలుస్తోంది. సుద్ద ఏది భోజన్నా, నీళ్లు తోడు భోజన్నా అని. చుట్టుపక్కల ఆడవాళ్లు నోరు నొక్కుకుంటున్నారు. పుట్టినప్పటి నుంచి ఈ పేరుతోనే తిరుగుతున్నాను, ఇది ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

ఇట్లు,
భోజన్న